సెల్లారులో సముద్రం

జూన్ 18

పిచ్చుకకి,

హెడ్‌మిస్ట్రెస్‌వయ్యాక కూడా ఆ పేరేమిటని నువ్వు విసుక్కుంటావని తెలుసు. మీ అన్నయ్య పెట్టిన పేరు, నా నోటికి అదే అలవాటైంది. బళ్ళో పిల్లలకి వినపడనివ్వనులే.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోను హాల్లో ఉంది, హాలుని ఆనుకునే ఆయన మంచం. నీతో ఏం మాట్లాడినా చెవి ఇటే ఉంటుంది. అందుకని లాయరు గారు కోర్టుకి వెళ్ళిన వేళ చూసి, టైపు మిషను పక్కకి నెట్టి రాస్తున్నాను.

సంగతి మన సెల్లారు. వానలు మొదలయ్యాయి. గోడకి మోకాలెత్తున చెమ్మ ఎప్పుడూ ఉండేదే, సముద్రం ఒడ్డున ఇంత పాత బిల్డింగుకి అది మామూలే అనుకుంటూ వచ్చాం. ఈసారి నడుం దాటింది. పూత పొక్కులు లేచి రాలుతోంది. రాలిన చోట తెల్లగా ఉప్పు. ఆ పైన నల్లగా బూజు. చీపురుతో దులిపే సాలెగూళ్ళ బూజు కాదు, తడిసిన రొట్టె మీద పట్టే రకం. మీ అన్నయ్య బొమ్మలు రాసిన నాటకం తెరల చుట్టలకీ పట్టింది. గుడ్డకి పూసే జిగురంటే దానికి మహా ఇష్టంలా ఉంది.

ఆయన మాత్రం రోజూ అక్కడే. నాటకం తెర పరవాలంటే పైన మా రెండు గదులు కలిపినా చాలవు, ఆ మాట నిజమే. కానీ దగ్గు ఎక్కువైంది. మెట్లెక్కి వచ్చి గడప దగ్గర ఆగి, చెప్పులు విప్పుతున్నట్టు చాలాసేపు వంగి ఉంటారు. చెప్పుల కోసం కాదు, ఊపిరి కోసం. ఆదివారం కిందకి దిగనివ్వకపోతే సాయంత్రానికి కాస్త తేరుకుంటారు. సోమవారం మళ్ళీ మామూలే.

నేను చెబితే గొణుగుడంటారు. అమ్మా నాన్నా లేకుండా నిన్ను పెంచిన మనిషి, నువ్వు ఏదడిగినా కాదనరు. ఈ వానలు తగ్గేదాకా కుంచె పైకి తెచ్చుకోమని ఒక్క మాట చెప్పు. నేను రాశానని మాత్రం అనకు.

మీ వదిన


జూన్ 29

వదినా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుంటే మెత్తగా ఉంది. అక్కడి తేమ కవరులో పడి ఇక్కడిదాకా వచ్చినట్టుంది. ఇక్కడ మబ్బు ముక్క లేదు. ఉతికిన చీర తాడు మీద ఆరేసి లోపలికొచ్చే లోపు ఫెళఫెళలాడుతుంది. మా పిల్లలు వాన మీద వ్యాసం రాయమంటే కథల్లో చదివింది రాస్తున్నారు.

అన్నయ్యతో మాట్లాడాను. నీ పేరెత్తలేదు. ఎత్తకపోయినా పట్టేశాడు. "మీ వదిన బూజు పురాణం మొదలెట్టిందా?" అన్నాడు. దగ్గు రంగుపొడి వల్లేనట, కుర్రతనం నుంచీ ఉన్నదేనట. నాకూ గుర్తుంది, పసుపురంగు కలిపిన రోజు తుమ్ముతూనే ఉండేవాడు.

నువ్వేమీ అనుకోనంటే ఒక మాట. నీకు ఆ సెల్లారంటే మొదటినుంచీ గిట్టదు. పెళ్ళైన కొత్తలో దాన్ని సవతి అనేదానివి, గుర్తుందా? నేనూ నవ్వేదాన్ని. కానీ ఇప్పుడు ఆయనకి ఉన్నది అదొక్కటే. నాటకాల కంపెనీలు మూతపడ్డాయి, తెరలు రాయించేవాళ్ళు లేరు. ఊరంతా తెరల మేస్త్రి అని పిలిచిన మనిషి పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్ళాలి? పని లేని ఇంట్లో దగ్గు కూడా పెద్దగా వినిపిస్తుంది వదినా. ఆయనకి కావలసింది మందు కాదేమో, చేతినిండా పని. దానికి నేనొకటి ఆలోచించాను. కుదిరాక చెబుతాను.

నీ ఒళ్ళు జాగ్రత్త. ఆఫీసులో ఆ విరిగిన కుర్చీ మార్చారా?

నీ ఆడపడుచు (పిచ్చుక అని సంతకం చేయనుగాక చేయను)


జూలై 16

పిచ్చుకకి,

కుర్చీ మార్చలేదు. కింద అట్టముక్క పెట్టాను, ఊగడం మానింది.

మొన్న బిల్డింగు వాళ్ళంతా కలిసి ఒక ఇంజనీరుని పిలిపించారు. వాసన కింది అంతస్తు అంతా పాకింది. మా ఎదురింటి టైలరు కూతురికి ఆయాసం పట్టుకుంది, పిల్ల ఆడుకోవడం మానేసి గుమ్మంలో కూర్చుంటోంది. అందరూ మా తలుపు వైపే చూస్తున్నారు. నోటితో ఎవరూ ఏమీ అనలేదు, మీ అన్నయ్యంటే ఉన్న గౌరవం అలాంటిది.

ఇంజనీరు మెల్లగా అంతా చూశాడు. గోడ మీద తట్టాడు, చెవి పెట్టి విన్నాడు, మీ అన్నయ్య మద్దెల వాయించేవాణ్ణి చూసినట్టు చూశారు. చివరికి అతను చెప్పింది ఇది. సెల్లారుకి రోడ్డు వైపు చిన్న కిటికీలుండేవి కదా. రోడ్డు ఎత్తు పెంచినప్పుడల్లా వాననీళ్ళు లోపలికొస్తున్నాయని వాటిని ఇటుకలతో మూసేశారు. గాలి పోయింది. వెనక వాన గొట్టం పగిలి నీళ్ళు పునాదిలోకే దిగుతున్నాయి. సముద్రం పోటు మీదున్నప్పుడు కింద నుంచి ఉప్పునీరు ఎక్కుతోంది. పాతకాలం సున్నపు గోడ అయితే ఆ చెమ్మని మెల్లగా వదిలేదట. మధ్యలో ఎవరో పుణ్యాత్ములు సిమెంటు పూసి, పైన ఆయిలు పెయింటు వేయించారు. ఇప్పుడది బయటికి రాలేక పైకి పాకుతోంది.

"తుడిస్తే పోతుందా?" అని అడిగాను.

"తుడవడం ఆఖరి పనండీ. ముందు నీళ్ళు ఆపాలి, గాలి రావాలి. బూజు పట్టిన గుడ్డలూ అట్టలూ చెక్కలూ అన్నీ పారేయాలి. పొడిగా దులిపారంటే మాత్రం ఆ పొడంతా మీ గుండెల్లోకే పోతుంది," అన్నాడు.

మీ అన్నయ్య చాలా మర్యాదగా, "అవి గుడ్డలు కావండి, తెరలు," అన్నారు.

"బూజుకి ఆ తేడా తెలియదు కదండీ," అన్నాడతను. వెటకారంగా కాదు, బాధగానే అన్నాడు.

 మర్నాటి నుంచి ఒక వింత. పొద్దున్నే దిగుతున్నారు, భోజనం కిందకే తెప్పించుకుంటున్నారు, తలుపు లోపల గడియ. పైకొచ్చాక దగ్గుకీ దగ్గుకీ మధ్య ఈల. ఏమిటి సంగతి అంటే, "ఆడవాళ్ళకి అన్నీ కావాలి," అని నవ్వు. ముఖం మాత్రం పీక్కుపోయింది.

నువ్వు గట్టిగా ఒక మాట చెబుతావనుకున్నాను. సరే, ఇప్పుడైనా చెప్పు.

మీ వదిన


జూలై 27

వదినా,

అన్నయ్య ఈల వేస్తున్నాడని చదివి స్టాఫ్‌రూములో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. లెక్కల మాష్టారు కంగారుపడ్డాడు. ఆయన ఈల విని ఎన్నాళ్ళైంది? దానికో కారణం ఉంది, నాకు తెలుసు, చెప్పకూడదు. ఒట్టు వేయించుకున్నాడు. నీకూ తెలుస్తుంది, తెలిశాక నువ్వే సంతోషిస్తావు.

ఇంజనీరు చెప్పింది సబబే కావచ్చు. గొట్టం బాగుచేయించండి, కిటికీలు తెరిపించండి. తెరల జోలికి మాత్రం ఈ వానలు అయ్యేదాకా ఎవరినీ రానివ్వకు. ఇంజనీరుకి గుడ్డ గుడ్డే. నువ్వు కూడా అతని పక్కనే నిలబడితే అన్నయ్యకి ఎవరున్నారు? ఒక మనిషి జీవితమంతా రాసిన తెరలు "గుడ్డలు, అట్టలు" అని ఎంత తేలిగ్గా రాశావు.

కోపంగా రాయడం లేదు. పరీక్షల కాగితాలు టేబులంతా ఉన్నాయి, చెయ్యి తొందరగా నడుస్తోంది, అంతే.

నీ ఆడపడుచు


ఆగస్టు 9

పిచ్చుకకి,

లాయరు గారు పక్క గదిలోనే ఉన్నారు, రెండు ముక్కలే రాస్తాను. నిన్న పట్టుబట్టి చూపించాను. కుడివైపు కింద నిమ్ము బాగా చేరిందన్నారు. ఎడమవైపు కూడా మొదలైందట. ఇలాగే వదిలేస్తే గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎవరేం చేసినా మళ్ళీ మామూలుగా కాదన్నారు. మీ అన్నయ్య నవ్వేసి మళ్ళీ కిందకి దిగారు. నాకేమీ తోచడం లేదు. ఒకసారి వచ్చి వెళ్ళగలవా?

మీ వదిన


ఆగస్టు 17

వదినా,

నీ చీటీ అందింది. కుడివైపు నిమ్ము ఉండటంలో వింతేముంది, అది సముద్రం వైపు గోడ కదా. మా స్కూల్లో నీళ్ళ ట్యాంకు పక్క స్టోరు గదికీ ఇలాగే అయితే, తాపీమేస్త్రిని పిలిచి పాత పూతంతా గీకించి సున్నం వేయించాం. ఒక ఫ్యాను పెట్టించాం. గట్టిపడితే గట్టిపడనీ, గీకేవాడికి ఇంకో పూట పని. దీనికి నేను బండెక్కి రావాలా? ఈ వారమంతా పరీక్షల పని మీద వేరే ఊళ్ళో ఉంటాను.

నువ్వు మరీ బెంగపెట్టుకుంటున్నావు కాబట్టి ఒట్టు గట్టున పెట్టి చెప్పేస్తున్నాను. మా ఊరి నాటకాల హాలు బాగుచేసి మళ్ళీ తెరుస్తున్నారు. కమిటీలో నేనూ ఉన్నాను. ముందు తెర అన్నయ్య చేత రాయించాలని నేనే పట్టుబట్టాను. సముద్రం తెర. ఈ ఊళ్ళో సగం మంది సముద్రం చూడలేదు వదినా. ఆ మాట చెప్పగానే అన్నయ్య, "అయితే అసలు సముద్రమే పంపిస్తాను," అన్నాడు. నీకు చెబితే ఆపుతావని చెప్పొద్దన్నాడు. చూడబోతే ఆయన భయం నిజమే అనిపిస్తోంది.

గోడ తడిసిందని మనిషి చేతిలోంచి కుంచె లాగేసుకుంటారా? నీకు ఆ తెరలు ఎప్పుడూ పరాయివే. నాకు అవి అన్నయ్యే.

ఇది చదివి బాధపడతావని తెలిసే రాస్తున్నాను, క్షమించు.

నీ ఆడపడుచు


ఆగస్టు 23

నేను రాసింది గోడ గురించి కాదు.

చూపించింది డాక్టరుకి. నిమ్ము చేరింది ఆయన ఊపిరితిత్తుల్లో. కుడివైపు కింద. మీ అన్నయ్య ఛాతీకి సున్నం ఎలా వేయించాలో, ఫ్యాను ఎక్కడ పెట్టించాలో నువ్వే చెప్పాలి.

నీ ఉత్తరం ఆసుపత్రి వరండాలో చదివాను. బుధవారం మధ్యాహ్నం భోజనం పట్టుకెళ్ళి తలుపు తడితే పలకలేదు. టైలరూ, అతని తమ్ముడూ కలిసి గడియ విరగ్గొట్టారు. మీ అన్నయ్య మెట్ల మీదే ఉన్నారు, సగం దూరం ఎక్కి కూలబడిపోయారు. పెదాలు నీలంగా ఉన్నాయి. అదే రంగు చేతుల నిండా ఉంది కాబట్టి ముందు రంగే అనుకున్నాను.

ఇప్పుడు ముక్కుకి ఆక్సిజను గొట్టం. మాట్లాడొద్దన్నారు. మాట్లాడుతూనే ఉన్నారు. నీకు ఫోను చేస్తే మోగి మోగి ఆగింది. స్కూలుకి చేస్తే ఊళ్ళో లేవన్నారు, కబురు చెప్పమన్నాను. ఆ కబురు ముందు అందుతుందో ఈ ఉత్తరం ముందు అందుతుందో తెలియదు.

ఆయన ఎక్కడ పని చేస్తారని డాక్టరు అడిగింది. చెప్పాను. "ఏళ్ళ తరబడి ఆ బూజు పీలుస్తున్నారన్నమాట. లోపల కొంత గట్టిపడిపోయింది. ఆ భాగం ఇక తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవాలంటే ఆ గదిలోకి మళ్ళీ అడుగుపెట్టకూడదు," అంది. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరివో మాటలు తప్పు పోకుండా టైపు చేస్తాను. నా మాట ఒకటి నీకు సరిగ్గా రాసుకోలేకపోయాను. అందులో నీ తప్పెంతో నా తొందరెంతో లెక్కేసే ఓపిక ఇప్పుడు లేదు.

దీపం ఆర్పడానికి సెల్లారులోకి వెళ్ళాను. నీ సముద్రం చూశాను. సగం అయింది. చాలా బాగుంది, అది కూడా చెప్పాలి. దగ్గరి అలలు ఆకుపచ్చ, దూరం పోయేకొద్దీ బూడిదరంగు, పైన వాన రాబోతున్న వెలుగు. కింది అంచున అప్పుడే నల్లచుక్కలు మొదలయ్యాయి.

ఇంకొక్కటి. ఆ తెరలు నాకు పరాయివని రాశావు. అంత వెడల్పు గుడ్డ ఏ కొట్లోనూ దొరకదు పిచ్చుకా. పన్నాలు పన్నాలుగా తెచ్చి, అతుకు పైకి కనబడకుండా కలిపి కుట్టాలి. కుట్టు ఏమాత్రం ముడతపడినా రంగు అక్కడ విరుగుతుంది. ఇన్నేళ్ళూ ఆ కుట్లు ఎవరు వేశారనుకున్నావు?

దొరికిన బండెక్కి రా.


సెప్టెంబరు 20

వదినా,

చేరాను. ఇల్లంతా దుమ్ము, నీళ్ళ కుండ ఎండిపోయి ఉంది.

అక్కడున్నన్నాళ్ళూ మనిద్దరం అన్నయ్య గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను ఆసుపత్రికి వచ్చిన రోజు వరండాలో నీ పక్కన కూర్చుంటే, నీ దుప్పటి సగం నా మీదకి జరిపావు, అంతే. ఏమైనా అంటే బాగుండేది. తిట్టినా పడేదాన్ని.

అన్నయ్యని ఇంటికి తెచ్చిన రోజు గేటు నుంచి గది దాకా నాలుగు చోట్ల ఆగాడు. ఆగిన ప్రతిసారీ ఏదో చూస్తున్నట్టు నటించాడు. గోడ మీద పిల్లిని, టైలరు షాపు బోర్డుని. నువ్వు కూడా ఆయనతో పాటు ఆగి ఆ పిల్లినే చూశావు. నేను మాత్రం చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకున్నాడు. ఆయనతో ఎలా నడవాలో నీకు తెలుసు. నాకు తెలియదు.

ఇక్కడ పాత పటాలు, పాత గుడ్డలు బాగుచేసే ఆవిడ ఒకరుంటే వెళ్ళి కలిశాను. ఒక్క తెరనైనా దక్కించుకోలేమా అని అడిగాను. జిగురు పూసిన గుడ్డని ఉతికితే రంగు పోతుంది, ఉతక్కపోతే బూజు పోదు అంది. పైకి తుడిచి తెచ్చుకున్నా నూలు లోపల అది బతికే ఉంటుందట. ఆయన ఉన్న ఇంట్లో అలాంటిది పెట్టుకోవద్దని గట్టిగా చెప్పింది.

కాబట్టి ఇంజనీరు అన్నదే చేయించు. ఆ మాట నా చేత్తో రాయాలనిపించింది. హాలు కమిటీకి తెర రాదని చెప్పేశాను.

అన్నయ్య ఏమంటాడో మాత్రం రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

పిచ్చుక


అక్టోబరు 12

పిచ్చుకకి,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

ముందు నేను చెప్పలేకపోయాను. రెండు రోజులు నోట్లోనే తిప్పుకున్నాను. మూడో రోజు టీ ఇస్తుంటే ఆయనే, "ఎప్పుడు తీయిస్తున్నారు?" అన్నారు. ఏమిటని అడిగితే, "నువ్వు చెప్పలేక చస్తున్నది," అన్నారు. ఆ తర్వాత ఒక్కటే కోరారు. పారేసేముందు తెరలన్నిటినీ ఒకసారి విప్పి చూపించమన్నారు.

డాక్టరు ససేమిరా అంది. ఇంజనీరే దారి చూపించాడు. మనుషులు ముఖాలకి మాస్కులు కట్టుకుని, చుట్టల మీద నీళ్ళు చిలకరించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి పైకి తెచ్చారు. రోడ్డవతల మూసేసిన గోదాము ఉంది కదా, దాని గోడకి వేలాడదీశారు. గాలి సముద్రం మీది నుంచి గోదాము వైపు వీస్తోంది. మీ అన్నయ్యని ఇటు సముద్రపు గట్టు మీద, గాలికి వీపు పెట్టి, చాలా దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. బిల్డింగు వాళ్ళందరూ కిటికీలు మూసుకుని అద్దాల వెనక నిలబడ్డారు. టైలరు కూతురు వాళ్ళ నాన్న భుజాల మీంచి చూసింది.

మొదట దర్బారు. బంగారు స్తంభాలు నల్లబడిపోయి, ఆ రాజు దివాళా తీసినట్టున్నాడు. అది మీ అన్నయ్య మాటే. తర్వాత వీధి. తర్వాత జైలు. జైలుకి మాత్రం బూజు బాగా నప్పింది. ఆ తర్వాత అడవి. దాన్ని చాలాసేపు చూశారు. "నేను వేసిన నీడ ఏదో, బూజు వేసింది ఏదో తెలియడం లేదు," అన్నారు.  "దాని చెయ్యే మెత్తగా ఉంది," అన్నారు మళ్ళీ.

చుట్టలు చుట్టలుగా లారీలో పట్టవని, కోయాలన్నారు పనివాళ్ళు. ఒకతను కత్తి తీసి దర్బారు మధ్యలో పెట్టబోయాడు. నేను ఆగమన్నాను. మాస్కు కట్టుకుని, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, నా పెద్ద కత్తెర పట్టుకెళ్ళాను. అతుకులు ఎక్కడున్నాయో వాళ్ళకి కనపడవు, నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కుట్టిన చోటే కత్తిరించాను. పన్నాలన్నీ మళ్ళీ విడివిడిగా పడ్డాయి, కొట్లోంచి తెచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలా. వాళ్ళు మడిచి పట్టాలో చుట్టుకున్నారు. మధ్యలో కళ్ళు కనపడక ఆగాల్సి వచ్చింది. మాస్కు వల్ల ముఖం తుడుచుకోడానికి కూడా లేదు.

ఆఖరికి సముద్రం. కింద భాగం అప్పటికే పోయింది. పై భాగం ఇంకా రంగు తడిగా ఉన్నట్టే ఉంది. అసలు సముద్రం ఆయన వెనక, రాసిన సముద్రం ముందు. వెనక్కి తిరిగి ఒకసారి చూసి, మళ్ళీ ఇటు చూశారు. పనివాడు దూరం నుంచే అడిగాడు. "మేస్త్రి గారూ, ఇది కొత్తది కదా, ఇది కూడానా?"

గట్టిగా అరిస్తే దగ్గు వస్తుందని చెయ్యెత్తి చూపించారు. అది కూడా.

దాన్ని నేను కత్తిరిస్తున్నప్పుడు మాత్రం ఆయన అసలు సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు.

లారీ వెళ్ళాక దగ్గరికెళ్ళాను. స్నానం చేసి బట్టలు మార్చుకునే వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని చూశారు. కత్తెర నొక్కుకుని బొటనవేలి దగ్గర పొక్కు లేచింది. "నీ కుట్టు ఎప్పుడూ గట్టిదే," అన్నారు. పెళ్ళైనప్పటి నుంచి ఆ కుట్ల గురించి ఆయన అన్న మొదటి మాట అది. నువ్వేమైనా చెప్పావేమో నాకు తెలియదు. చెప్పి ఉంటే మాత్రం ఇప్పుడు నాకు చెప్పకు.

మీ వదిన


అక్టోబరు 22

వదినా,

నేనేమీ చెప్పలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత స్కూలుకి సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాను. హెడ్‌మిస్ట్రెస్ సెలవు పెడితే పిల్లలకి ఎంత ఆనందమో తెలుసు కదా, ఒకళ్ళకైనా మేలు జరిగింది.

హాలు తెరిచారు. ముందు తెరగా నల్లటి సాదా గుడ్డ కట్టారు. వేరే ఎవరిచేతైనా రాయిద్దామని కమిటీలో అడిగితే వద్దన్నాను, మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు. నాటకం అయిపోయాక అందరూ వెళ్ళేదాకా ఆగి స్టేజీ ఎక్కి ఆ గుడ్డ పట్టుకుని చూశాను. అందులోనూ అతుకులున్నాయి. ఎవరు కుట్టారని అడిగాను. కమిటీలో ఒక్కరికీ తెలియలేదు. కనుక్కోమని చెప్పాను.

నా మాట ఒకటి వింటావా? వచ్చే వానల్లో మీరిద్దరూ ఇక్కడికొచ్చేయండి. ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందో నీకు తెలుసు. ముందు గది ఖాళీ చేయిస్తాను. మేం నీకు భారమవుతాం అని మొదలుపెట్టకు. నీ లాయరు గారికి నేనే ఉత్తరం రాస్తాను, కాదంటే ఆ విరిగిన కుర్చీ సంగతి కూడా రాస్తాను.

పిచ్చుక


నవంబరు 8

పిచ్చుకకి,

లాయరు గారిని బెదిరించనక్కర్లేదు. వానల్లో కోర్టు పని తక్కువే, సెలవిస్తానన్నారు. వస్తాం. ఆయనకి చెబితే, "ఆ ఊళ్ళో చూడ్డానికేముంది, మట్టి తప్ప," అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే, నీకు తెలుసు కదా.

సెల్లారు పని పూర్తయింది. వాన గొట్టం కొత్తది వేశారు. రోడ్డు వైపు కిటికీలు తెరిచి, నీళ్ళు రాకుండా చుట్టూ గట్టు కట్టారు. సిమెంటంతా ఒలిచేసి, గోడని చాలా రోజులు ఆరనిచ్చి సున్నం వేశారు. చెమ్మ పూర్తిగా పోదట. సముద్రం పక్కనుండి అలా ఆశపడకూడదన్నాడు ఇంజనీరు. కానీ ఇక గోడ ఊపిరి తీసుకుంటుందన్నాడు. ఆ మాట ఆయన ముందు అన్నందుకు పాపం నాలుక కరుచుకున్నాడు. మీ అన్నయ్యే, "దానికైనా వచ్చింది, మంచిదే," అన్నారు.

టైలరు కూతురు మళ్ళీ మెట్ల మీద గంతులేస్తోంది.

నిన్న డాక్టరు దగ్గర్నుంచి వస్తూ ఆయన మా గుమ్మం దగ్గర ఆగకుండా సెల్లారు తలుపు వైపు నడిచారు. నేను అడ్డం నిలబడ్డాను. "దిగనులే. పైనుంచి చూస్తాను, అంతే," అన్నారు. ముక్కుకి రుమాలు కట్టి తలుపు తీశాను.

తెల్లగా ఉంది. ఏమీ లేదు. కిటికీల్లోంచి రోడ్డు మీద నడిచేవాళ్ళ పాదాల నీడలు అవతలి గోడ మీద వెళ్తున్నాయి. ఎప్పుడూ పరిచిన తెర అంచునే నడిచేవాళ్ళం కదా, ఆ నేల అవతలి చివర దాకా ఒక్కసారిగా చూడటం నాకూ అదే మొదలు. ఆయన గడప పట్టుకుని చాలాసేపు చూశారు. దగ్గు రాలేదు.

"ఇంత పెద్ద గదా ఇది," అన్నారు.

తర్వాత చెయ్యి చాపారు. ఈసారి పిల్లినీ బోర్డునీ చూడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, ఊపిరి అందనప్పుడు అందలేదని చెప్పి ఆగుతూ, ఇంట్లోకి నడిచారు.

మీ ముందు గదిలో మంచం కిటికీకి దగ్గరగా వేయించు.

మీ వదిన